బ్రేకు పెడలు గట్టిపడుట

బ్రేకు పెడలు గట్టిపడుట అనునది కార్లలో తరచుగా కనిపించే ఒక లోపం. మామూలుగా కాలితో కొద్దిగా నొక్కితే దిగవలసిన పెడలు, ఎంత నొక్కినా దిగక రాయివలె అడ్డు నిలుస్తుంది. బండి ఆగుతుంది, కాని ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. మెకానిక్కుల వాడుకలో దీనిని "బ్రేకు హార్డ్ అయింది" అంటారు. బ్రేకు పూర్తిగా పోవుటకు, బ్రేకు గట్టిపడుటకు తేడా ఉంది. మొదటిదానిలో కాలి బలం చక్రాలకు చేరదు. రెండవదానిలో ఆ బలం చేరే మార్గం సాధారణంగా చక్కగానే ఉంటుంది. కాలికి తోడుగా రావలసిన యంత్ర సహాయం మాత్రమే అందదు. కావున పెడలు గట్టిపడిన కారును ఆపవచ్చును. అందుకు మామూలుకంటె మూడు నాలుగు రెట్ల బలంతో నొక్కవలసి ఉంటుంది. ఈ సంగతి తెలియక, బ్రేకు పోయినదని తలచి, కాలు తీసి మరల మరల నొక్కుట వలన మిగిలి ఉన్న కొద్దిపాటి సహాయం కూడా ఖర్చయిపోతుంది.

ఈ లోపానికి మూలం చాలాసార్లు బ్రేకు బూస్టరు లేదా దానికి శూన్యాన్ని అందించే ఏర్పాటు. బూస్టరు ఖరీదైన భాగం. దానికి శూన్యాన్ని చేరవేసే రబ్బరు గొట్టం, అందులోని వాల్వు చవకైనవి. ముందు చవకైన భాగాలను పరీక్షించి, అవి బాగున్నవని తేలిన తరువాతనే బూస్టరును అనుమానించుట సరియైన క్రమం.

బూస్టరు పనిచేయు విధానం

కారులోని బ్రేకు పెడలు ఒక తులాదండం వంటిది. దాని పొడవుల నిష్పత్తి సుమారు 4 అనుకుంటే, పెడలుపై 20 కిలోల బలం వేసినపుడు దాని వెనుక ఉన్న కడ్డీపై 80 కిలోల బలం పడుతుంది. ఈ బలం మాస్టర్ సిలిండరులోని పిస్టనును నెట్టగా, బ్రేకు ఆయిల్ ద్వారా పాస్కల్ సూత్రం ప్రకారం ఒత్తిడి నాలుగు చక్రాలకూ చేరుతుంది. చిన్న, తేలికైన బండ్లకు, డ్రమ్ము బ్రేకులకు ఈ మాత్రం చాలును. డ్రమ్ము బ్రేకులో తిరిగే డ్రమ్మే ఒక షూను తనలోకి లాగుకొని పట్టును పెంచుతుంది. డిస్కు బ్రేకుకు ఈ గుణం లేదు. ప్యాడును ఎంత బలంతో నొక్కితే అంతే పట్టు. అందుచేత డిస్కు బ్రేకులు వ్యాపించిన కొలదీ కాలికి తోడు అవసరమయింది. తొలి తరాల అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు నడిపినవారికి బ్రేకును బలంగా తొక్కుట అలవాటే. నేటి కార్లకు అలవాటు పడినవారికి బూస్టరు లేని పెడలు ఒక్కసారిగా ఎదురైతే అది చెడినదిగానే తోస్తుంది.

పెడలుకు, మాస్టర్ సిలిండరుకు నడుమ, ఇంజను గది వెనుక గోడకు బిగించి ఉండే పళ్ళెం ఆకారపు నల్లని ఇనుప డబ్బాయే బూస్టరు. దాని లోపల ఒక రబ్బరు పొర డబ్బాను రెండు గదులుగా విడదీస్తుంది. పెట్రోలు ఇంజను నడుస్తున్నపుడు గాలిని లోపలికి పీల్చుకుంటుంది. యాక్సిలరేటరు నొక్కనపుడు గాలి మార్గం దాదాపు మూసి ఉంటుంది కనుక, ఇన్‌టేక్ మానిఫోల్డులో పాక్షిక శూన్యం ఏర్పడుతుంది. ఒక లావుపాటి గొట్టం ఈ శూన్యాన్ని బూస్టరుకు చేరుస్తుంది. పెడలు నొక్కనపుడు రెండు గదులలోనూ శూన్యమే ఉంటుంది కనుక పొర కదలదు. పెడలు నొక్కగానే లోపలి వాల్వు రెండు గదుల మధ్య దారిని మూసి, పెడలు వైపు గదిలోకి బయటి గాలిని వదులుతుంది. ఒక వైపు వాతావరణ పీడనం, రెండవ వైపు శూన్యం. ఈ తేడా పొరను ముందుకు నెట్టి, కాలి బలానికి తన బలాన్ని చేరుస్తుంది. పెడలు వదలగానే గాలి దారి మూసుకొని, రెండు గదులు మరల కలిసి, స్ప్రింగు పొరను వెనుకకు తెస్తుంది.

గొట్టం దారిలో ఒకవైపు మాత్రమే గాలిని పోనిచ్చే వాల్వు ఒకటి ఉంటుంది. దీనిని నాన్ రిటర్న్ వాల్వు అంటారు. ఇంజను ఆగినా బూస్టరులోని శూన్యం పోకుండా ఇది కాపాడుతుంది. మంచి స్థితిలో ఉన్న కారులో ఇంజను ఆగిన తరువాత కూడా రెండు మూడు సార్లు బ్రేకు మెత్తగా పడేది ఈ నిలువ వలననే. ఆ తరువాత పెడలు గట్టిపడుట సహజం, లోపం కాదు.

రైలు బండ్లలోని పాత వాక్యూమ్ బ్రేకు గురించి చదివినవారు ఇక్కడ పొరబడే అవకాశం ఉంది. రైలులో శూన్యం పోతే బ్రేకు దానంతట అదే పడుతుంది. కారులో శూన్యం పోతే సహాయం పోతుంది. పేరు ఒకటే అయినా ఈ రెండు ఏర్పాట్లూ ఒకదానికొకటి వ్యతిరేకమైనవి. 2022 సెప్టెంబరులో అక్కన్నపేట మార్గం ప్రారంభమై మెదక్ పట్టణానికి రైలు వచ్చేనాటికి భారతీయ రైల్వేలలో వాక్యూమ్ బ్రేకుల స్థానాన్ని గాలి బ్రేకులు ఆక్రమించి చాలాకాలమయింది.

సహాయం ఎంత?

లెక్క కట్టుట సులభం. తొమ్మిది అంగుళాల, అనగా సుమారు 229 మిల్లీమీటర్ల వ్యాసం గల పొర వైశాల్యం 412 చదరపు సెంటీమీటర్లు. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నపుడు శూన్యం 450 మిల్లీమీటర్ల పాదరసమట్టం ఉంటే, అది సుమారు 60 కిలోపాస్కల్‌ల పీడన భేదానికి సమానం. రెండింటినీ గుణిస్తే సుమారు 2,470 న్యూటన్లు, అనగా రమారమి 250 కిలోల బలం. పై ఉదాహరణలో కాలు ఇచ్చిన 80 కిలోలకు బూస్టరు 240 కిలోలు చేర్చితే మొత్తం 320 అవుతుంది. బూస్టరు లేకుండా అదే పని జరుగవలెనంటే పెడలుపై 20 కిలోలకు బదులు 80 కిలోల బలం వేయవలెను. నడిపేవారు తమ శరీర బరువును మించిన బలాన్ని ఒక కాలితో ఇవ్వవలసి వచ్చును. సీటు వెనుక భాగానికి వీపును ఆనించి నొక్కితే అది అసాధ్యం కాదు, కాని వృద్ధులకు, బలహీనులకు కష్టం.

బూస్టరుకు పై హద్దు కూడా ఉంది. పెడలు వైపు గదిలో పీడనం పూర్తిగా వాతావరణ పీడనానికి సమానమైన తరువాత పొర ఇంకేమీ చేర్చలేదు. ఈ హద్దు ప్రాంతపు ఎత్తుపై ఆధారపడుతుంది. మెదక్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 440 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి వాతావరణ పీడనం సుమారు 720 మిల్లీమీటర్ల పాదరసమట్టం, సముద్రతీరంలో 760. తేడా అయిదు శాతమే గనుక కాలికి తెలియదు. 1,000 మీటర్ల ఎత్తుగల కొండ ప్రాంతంలో ఇది పదకొండు శాతం అవుతుంది. కావున మెదక్‌లో పెడలు గట్టిగా ఉంటే దానికి ఎత్తు కారణమని చెప్పి వదలివేయరాదు.

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలలో ప్రయాణికుల కార్ల బ్రేకులకు సంబంధించిన 13-హెచ్ నిబంధన ఈ విషయాన్ని అంకెలలో చెబుతుంది. పెడలుపై 500 న్యూటన్లు, అనగా సుమారు 51 కిలోలు మించని బలంతో, బ్రేకులు సరిగా ఉన్న కారు సెకనుకు సెకనుకు కనీసం 6.43 మీటర్ల చొప్పున వేగం తగ్గించుకోవలెను. బూస్టరు వంటి భాగం విఫలమైనపుడు అదే బలానికి 2.44 మీటర్ల చొప్పునైనా తగ్గవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు ఈ అంకెలను వర్తింపజేస్తే, బ్రేకు పట్టిన తరువాత మొదటి సందర్భంలో సుమారు 22 మీటర్లలోను, రెండవ సందర్భంలో 57 మీటర్లలోను ఆగుతుంది. కారు ఆగుతుందన్న మాట నిజమే. కాని ఆ 35 మీటర్ల తేడాలో రోడ్డు దాటుతున్న మనిషి, పశువు, ముందున్న ఎడ్లబండి ఉండవచ్చును.

గట్టిదనం, మెత్తదనం, దిగిపోవుట

పెడలు తీరును బట్టి లోపాన్ని మొదట వర్గీకరించవలెను. పెడలు స్పాంజివలె మెత్తగా ఉండి, రెండు మూడు సార్లు కొడితే పైకి వస్తుంటే బ్రేకు ఆయిల్‌లో గాలి చేరినది. నొక్కి పట్టినపుడు మెల్లగా నేలవరకు దిగిపోతుంటే ఆయిల్ కారుట గాని, మాస్టర్ సిలిండరు లోపలి వాషర్లు అరుగుట గాని కారణం. ఈ రెండూ నిజమైన బ్రేకు వైఫల్యాలు. అట్టి కారును నడుపరాదు. పెడలు పైననే గట్టిగా నిలిచిపోతే మాత్రం అది ఈ వ్యాసంలో చెప్పిన లోపం. గట్టిపడిన పెడలుకు బ్రేకు ఆయిల్ మార్చి గాలి తీయించుట వలన ప్రయోజనం లేదు. అయినా కొన్ని చోట్ల మొదట చేసే పని అదే.

ఎప్పుడు గట్టిపడుతున్నదో గమనించుట కూడా అవసరం. ఉదయం ఇంజను వేయకముందు గట్టిగా ఉండి, వేయగానే దిగితే అది లోపం కాదు. ఎల్లవేళలా గట్టిగా ఉంటే శూన్యం బొత్తిగా అందడం లేదు, లేదా బూస్టరు పొర చినిగినది. మొదటిసారి బాగుండి, వెంటవెంట రెండవ మూడవ సారి నొక్కినపుడు గట్టిపడితే శూన్యం అందుతున్నది గాని చాలడం లేదు. శివరాత్రికి ఏడుపాయల జాతరకు, క్రిస్మస్‌కు మెదక్ చర్చికి వచ్చే వాహనాల రద్దీలో బండి అడుగడుగునా ఆగి కదులుతున్నపుడు ఈ రెండవ రకం లోపం ముందుగా బయటపడే అవకాశం ఉంది. ఏ.సీ. కూడా నడుస్తుంటే ఇంజనుపై భారం పెరిగి మానిఫోల్డులోని శూన్యం మరికొంత తగ్గుతుంది.

బటన్ నొక్కి స్టార్టు చేసే కార్లలో ఇంకొక చిత్రం జరుగుతుంది. ఆగి ఉన్న కారులో పిల్లలు కూర్చుండి పెడలును అదేపనిగా తొక్కితే నిలువ ఉన్న శూన్యం పోయి పెడలు గట్టిపడుతుంది. తరువాత స్టార్టు చేయబోతే పెడలు తగినంత దిగక, బ్రేకు స్విచ్ పనిచేయక, ఇంజను కదలదు. బ్యాటరీ పోయిందని భ్రమ పడతారు. పెడలును గట్టిగా తొక్కి పట్టి బటన్ నొక్కితే సరిపోతుంది.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు

ఈ పరీక్షలకు పనిముట్లు అవసరం లేదు. కారును చదునైన చోట నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచవలెను. చక్రాలకు రాయి అడ్డం పెట్టుట మంచిది.

మొదటి పరీక్షలో ఇంజను ఆపి ఉంచి పెడలును అయిదారు సార్లు నొక్కవలెను. నిలువ శూన్యం పోయి పెడలు గట్టిపడుతుంది. అప్పుడు కాలిని ఓ మోస్తరు బలంతో పెడలుపై ఆనించి ఉంచి ఇంజను స్టార్టు చేయవలెను. కాలి కింద పెడలు కొంచెం దానంతట అదే దిగవలెను. దిగితే శూన్యం అందుతున్నది, బూస్టరు పనిచేస్తున్నది. ఏమాత్రం కదలకుంటే రెండింటిలో ఏదో ఒకటి పనిచేయడం లేదు.

రెండవ పరీక్ష నిలువకు సంబంధించినది. ఇంజనును రెండు నిమిషాలు నడిపి ఆపి, ఒక నిమిషం ఆగి, పెడలును మామూలు బలంతో నిదానంగా నొక్కవలెను. మొదటిసారి బాగా దిగి, రెండవసారి, మూడవసారి క్రమంగా పైనే ఆగితే బూస్టరు గాలి చొరబడకుండా ఉన్నదని అర్థం. మొదటిసారే గట్టిగా ఉంటే శూన్యం ఎక్కడో కారిపోతున్నది. నాన్ రిటర్న్ వాల్వును ముందుగా చూడవలెను.

మూడవ పరీక్షలో ఇంజను నడుస్తుండగా పెడలును నొక్కి పట్టి, అలాగే పట్టి ఉంచి ఇంజను ఆపవలెను. అర నిమిషం పాటు పెడలు ఎత్తు మారకూడదు. అది కాలిని పైకి నెడుతూ వస్తే, పెడలు నొక్కిన స్థితిలో మాత్రమే బయటపడే చిల్లు బూస్టరులో ఉన్నట్లు లెక్క. మొదటి రెండు పరీక్షలలో నెగ్గిన బూస్టరు కూడా ఇందులో దొరికిపోవచ్చును.

చెవి కూడా ఒక పనిముట్టే. పెడలు నొక్కే క్షణంలో కాలి దగ్గర చిన్నగా "స్" అని వినబడుట సహజం. అది బయటి గాలి లోపలికి పోయే చప్పుడు. నొక్కి పట్టి ఉంచినంతసేపూ ఆ శబ్దం ఆగకుండా వస్తుంటే, దానితోబాటు ఇంజను తిరుగుడు కూడా మారుతుంటే, పొర గాని లోపలి వాల్వు గాని చెడినట్లే. ఈ విధంగా లోపలికి పోతున్న గాలి నేరుగా ఇంజనుకు చేరి పెట్రోలు మిశ్రమాన్ని పలుచన చేస్తుంది. అందువలననే బూస్టరు చెడిన కారులో ఇంజను కూడా ఎగుడుదిగుడుగా నడుస్తుంది. కొందరు ప్లగ్గులు మార్చి, కార్బురేటరు గాని ఇంజెక్టర్లు గాని శుభ్రం చేయించి, అసలు కారణాన్ని వదలివేస్తారు.

గొట్టం, వాల్వు

బూస్టరు వద్ద గొట్టాన్ని జాగ్రత్తగా ఊడదీసి, ఇంజనును నెమ్మదిగా తిరుగనిచ్చి, గొట్టం నోటిని బొటనవేలితో మూయవలెను. వేలిని గట్టిగా పట్టి లాగవలెను. వేలు తీయగానే ఇంజను తడబడవలెను. లాగుడు లేకుంటే లోపం ఇంజను వైపు ఉంది. వాక్యూమ్ గేజి దొరికితే ఇంకా మంచిది. బాగున్న పెట్రోలు ఇంజనులో 400 నుండి 550 మిల్లీమీటర్ల వరకు చూపవలెను.

గొట్టం పైకి బాగున్నట్లు కనిపించి లోపల చెడి ఉండుట ఈ లోపానికి సంబంధించిన చిక్కులలో పెద్దది. ఇంజను వేడికి, ఆయిల్ ఆవిరికి లోపలి రబ్బరు మెత్తబడి పొరలుగా ఊడుతుంది. శూన్యం లాగినపుడు ఆ పొర నాలుకవలె అడ్డుపడి దారిని మూస్తుంది. ఇంజను ఆపి చూస్తే గొట్టం మామూలుగానే ఉంటుంది. అందుచేత ఇంజను నడుస్తుండగా గొట్టం పొడవునా చేతితో తడిమి, ఎక్కడైనా నొక్కుకుపోతున్నదేమో చూడవలెను. చివరలలో, క్లిప్పుల కింద సన్నని పగుళ్ళు వచ్చుట సాధారణం. వేసవిలో నలభై డిగ్రీలు దాటే మెదక్ వంటి ప్రాంతాలలో, ఎండలో నిలిపే కార్ల రబ్బరు త్వరగా పెళుసెక్కుతుంది. పొలాల దగ్గర, గోదాముల దగ్గర ఆపి ఉంచే కార్లలో ఎలుకలు కొరికిన గొట్టాలు కూడా కనిపిస్తాయి.

మార్చేటపుడు బ్రేకు వాక్యూమ్ కొరకు తయారైన గొట్టమే వేయవలెను. నీళ్ళ గొట్టం, పెట్రోలు గొట్టం లోపలి ఒత్తిడిని తట్టుకొనుటకు చేసినవి. బయటి ఒత్తిడికి నిలువలేవు. అవి వేసిన మరునాడు బాగుండి, ఇంజను వేడెక్కిన తరువాత పీల్చుకొని మూసుకుపోతాయి. లోపం వచ్చి పోతూ ఉంటుంది కనుక దానిని పట్టుకొనుట మరింత కష్టం.

నాన్ రిటర్న్ వాల్వును ఊదిచూసి తెలుసుకోవచ్చును. బూస్టరు వైపు నుండి ఊదితే గాలి ఇంజను వైపుకు పోవలెను. ఇంజను వైపు నుండి ఊదితే పోరాదు. రెండు వైపులా పోతే నిలువ ఉండదు. ఏ వైపూ పోకుంటే సహాయమే ఉండదు. కొన్ని కార్లలో ఈ వాల్వు గొట్టం మధ్యలో దాగి ఉంటుంది. దానిపై ఉన్న బాణం గుర్తు ఇంజను వైపు చూడవలెను. గొట్టాన్ని విప్పి తిరిగి వేసేటపుడు తిరగవేస్తే, మంచి వాల్వే చెడిన వాల్వు చేసే పనిని చేస్తుంది. బూస్టరులో వాల్వు కూర్చునే చోట ఉండే రబ్బరు బుష్షు ఎండి పగిలినా గాలి చొరబడుతుంది. ఈ చిన్న భాగాన్ని చాలామంది చూడరు.

డీజిల్ కార్లు, టర్బో పెట్రోలు కార్లు

డీజిల్ ఇంజనుకు పెట్రోలు ఇంజను వలె గాలి దారిని మూసే ఏర్పాటు ప్రధానం కాదు. కనుక బ్రేకుకు చాలినంత శూన్యం దానంతట అది పుట్టదు. దానికి ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు ఉంటుంది. కొన్ని బండ్లలో ఈ పంపు ఆల్టర్నేటరు వెనుక, కొన్నింటిలో కామ్‌షాఫ్టు చివర అమర్చి ఉంటుంది. ఆల్టర్నేటరు బెల్టు తెగితే మొదటి రకంలో బ్యాటరీ ఛార్జింగు, బ్రేకు సహాయం రెండూ ఒకేసారి పోతాయి. డ్యాష్‌బోర్డుపై బ్యాటరీ దీపం వెలిగి, వెంటనే పెడలు గట్టిపడితే కారణం వెతకనక్కరలేదు. పంపుకు ఇంజను ఆయిల్ అందే సన్నని దారి మూసుకుపోయినా, లోపలి రెక్కలు అరిగినా శూన్యం తగ్గుతుంది.

టర్బో గల పెట్రోలు ఇంజనులలోనూ ఇదే ఇబ్బంది. టర్బో గాలిని లోపలికి నెడుతున్నపుడు మానిఫోల్డులో శూన్యానికి బదులు ఒత్తిడి ఉంటుంది. అందుకే వీటిలో పలు కార్లకు వాక్యూమ్ పంపు అమర్చుతారు. 2023 ఏప్రిల్‌లో మారుతి సుజుకి సంస్థ 7,213 బాలెనో ఆర్.ఎస్. కార్లను వెనుకకు పిలిపించినది. 2016 అక్టోబరు 27, 2019 నవంబరు 1 మధ్య తయారైన ఈ కార్లలో బ్రేకుకు తోడ్పడే వాక్యూమ్ పంపులో లోపం ఉండే అవకాశం ఉందని, అట్టి కారులో బ్రేకు పెడలును ఎక్కువ బలంతో నొక్కవలసి రావచ్చునని సంస్థ ప్రకటించినది. బాలెనో ఆర్.ఎస్.లో టర్బో పెట్రోలు ఇంజను ఉండుట ఇక్కడ గమనించదగినది. ఇట్టి పిలుపులలో భాగాన్ని ఉచితంగా మారుస్తారు. కావున పాత కారు కొన్నవారు తమ బండి ఛాసిస్ నంబరుపై ఇటువంటి పిలుపు ఏదైనా ఉన్నదేమో తయారీదారు వద్ద తెలుసుకొనుట లాభకరం.

సాధారణ పెట్రోలు కారులో గొట్టం, వాల్వు, బూస్టరు అన్నీ బాగుండి శూన్యమే తక్కువగా ఉంటే, అది బ్రేకు మెకానిక్కు పని కాదు. మానిఫోల్డు గాస్కెట్ లీకు, ఇంజను వాల్వులు సరిగా మూసుకోకపోవుట, ఇగ్నిషన్ టైమింగు తప్పుట, సైలెన్సరు దారి మూసుకుపోవుట వంటి ఇంజను లోపాలను వెతకవలెను.

బూస్టరు మార్పిడి

పై భాగాలన్నీ బాగున్నవని తేలి, పరీక్షలలో పెడలు తప్పిపోతే బూస్టరును మార్చవలెను. మార్చే ముందు అది ఎందుకు చెడినదో చూడవలెను. మాస్టర్ సిలిండరును రెండు నట్లు విప్పి కొద్దిగా ముందుకు జరిపితే, దాని వెనుక, బూస్టరు ముఖంపై బ్రేకు ఆయిల్ తడి కనిపించవచ్చును. మాస్టర్ సిలిండరు వెనుక సీలు చెడితే ఆయిల్ బూస్టరులోకి కారుతుంది. బయట ఎక్కడా చుక్క పడకుండా డబ్బాలో ఆయిల్ తగ్గిపోతుండుట దీనికి గుర్తు. ఆ ఆయిల్ పొరను పాడుచేస్తుంది. సీలు మార్చకుండా బూస్టరు మాత్రమే మారిస్తే కొత్త బూస్టరుకూ అదే గతి పడుతుంది.

పలు కార్లలో ఆయిల్ పైపులను విప్పకుండానే మాస్టర్ సిలిండరును పక్కకు జరిపి బూస్టరును తీయవచ్చును. అట్లు చేసినపుడు గాలి తీయవలసిన పని ఉండదు. పైపులు వంగకుండా, నలగకుండా చూడవలెను. లోపలి వైపు, డ్యాష్‌బోర్డు కింద తలక్రిందులుగా పడుకొని పెడలు పిన్నును, నాలుగు నట్లను విప్పవలసి ఉంటుంది. ఈ పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే.

కొత్త బూస్టరు ముందు భాగంలో ఉండే కడ్డీ పొడవును సరిచూచుట మరువరాదు. కడ్డీ కొంచెం పొడవైతే మాస్టర్ సిలిండరు పిస్టను ఎప్పుడూ కొద్దిగా నొక్కుకొని ఉండి, బ్రేకులు పట్టివేసి, చక్రాలు కాలిపోతాయి. పొట్టిదైతే పెడలు ఎక్కువ దిగిన తరువాత గాని బ్రేకు పడదు. వదలవలసిన సందు మిల్లీమీటరులో కొద్ది భాగం మాత్రమే; అది కారును బట్టి మారుతుంది కనుక తయారీదారు ఇచ్చిన కొలతనే పాటించవలెను.

పాత బూస్టరును విప్పి కిట్టు వేసి బాగుచేసే పద్ధతి కూడా ఉన్నది. డబ్బా అంచులు యంత్రంతో మడిచి మూసినవి. లోపల బలమైన స్ప్రింగు నొక్కుకొని ఉంటుంది. సరియైన బిగింపు లేకుండా ఉలితో అంచులు విప్పితే అది ఎగిరి గాయపరచగలదు. భాగాలు దొరకని పాత బండ్లకు, అనుభవం గల షాపులలో తప్ప ఈ మార్గం తగదు. మెదక్ వంటి పట్టణాలలో గొట్టం, క్లిప్పులు సులభంగా దొరుకుతాయి. బూస్టరు వంటి వాటికి సికిందరాబాదులోని రాణీగంజ్, విజయవాడలోని ఆటోనగర్ వంటి పెద్ద విడిభాగాల బజార్లను ఆశ్రయించుట వాడుక. పాత బండి నుండి తీసిన బూస్టరు కొనదలచినవారు ముందు దాని వాల్వు రంధ్రం దగ్గర నోటితో లాగి, నాలుకతో మూసి పట్టి, శూన్యం నిలుస్తున్నదో లేదో చూచుట ఒక మోటు పద్ధతి. బ్రేకు ఆయిల్ విషపదార్థం కనుక ఆ పని చేతి పంపుతో చేయుట మేలు.

బూస్టరుతో సంబంధం లేని కారణాలు

కొన్నిసార్లు పెడలు గట్టిదనానికి శూన్యంతో సంబంధం ఉండదు. పెడలు తిరిగే బుష్షు తుప్పు పట్టినపుడు అది నొక్కినపుడూ, వదలినపుడూ బిగువుగానే ఉంటుంది. కాలిపర్ పిస్టను గాని, అది జారే పిన్నులు గాని బిగుసుకుపోతే పెడలు గట్టిపడి, కారు ఒక పక్కకు లాగుతుంది. చక్రం దగ్గరి రబ్బరు ఆయిల్ పైపు లోపల ఉబ్బి మూసుకుపోయినా అంతే. నాసిరకం ప్యాడ్లు వేడికి అద్దంవలె నున్నబడితే పెడలు గట్టిగా ఉండి పట్టు ఉండదు. కొండ దిగిన తరువాత కమురు వాసన వస్తుంటే ఈ అనుమానం కలుగవలెను.

వీటికంటె చెడ్డది మరొకటి ఉంది. బ్రేకు ఆయిల్ తగ్గినదని ఇంజను ఆయిల్ గాని, స్టీరింగు ఆయిల్ గాని పోయుట. బ్రేకు ఆయిల్ అని పిలుస్తున్నా అది సాధారణ కార్లలో గ్లైకాల్ జాతి ద్రవం, ఖనిజ తైలం కాదు. ఖనిజ తైలం తగిలితే బ్రేకులోని రబ్బరు సీళ్ళు ఉబ్బి, పిస్టన్లు ఇరుక్కొని, నొక్కిన బ్రేకు తిరిగి వదలదు. అప్పుడు ఆయిల్ మార్చితే చాలదు. రబ్బరు భాగాలన్నీ మార్చవలసి వస్తుంది. మూతపై వ్రాసి ఉన్న డాట్ 3 లేదా డాట్ 4 రకాన్నే పోయవలెను.

ప్రయాణంలో గట్టిపడితే

మెదక్ నుండి హైదరాబాదుకు కౌడిపల్లి, నర్సాపూర్, గుమ్మడిదల మీదుగా పోయే మార్గంలో నర్సాపూర్ అడవి దగ్గర వంపులు, వాలులు ఉన్నాయి. ఇటువంటి వాలులలో పెట్రోలు ఆదా అగునని కొందరు ఇంజను ఆపి, న్యూట్రల్‌లో బండిని జారవిడుస్తారు. మంచి కారులో సైతం కృత్రిమంగా ఈ లోపాన్ని కొనితెచ్చుకొనుట ఇది. మొదటి వంపులో బ్రేకు మెత్తగా పడుతుంది, రెండవ వంపులో కొంచెం బిగుస్తుంది, మూడవ వంపు వచ్చేసరికి నిలువ శూన్యం అయిపోయి పెడలు రాయి అవుతుంది. పవర్ స్టీరింగు ఉన్న కారులో చక్రం కూడా అప్పటికే బరువెక్కి ఉంటుంది. తాళంచెవిని పూర్తిగా వెనుకకు తిప్పితే కొన్ని కార్లలో స్టీరింగు బిగుసుకుపోతుంది. నేటి ఇంజెక్షన్ ఇంజనులలో గేరులో ఉంచి యాక్సిలరేటరు వదలి వాలు దిగేటపుడు పెట్రోలు సరఫరా దాదాపు నిలిచిపోతుంది. కావున ఆ ఆదా కూడా భ్రమయే. తిరుమల నుండి దిగే ఘాట్ రోడ్డులో తక్కువ గేరులో రమ్మని చెప్పుటలోని శాస్త్రం కూడా ఇదే. గేరులో ఉన్న ఇంజను బండిని తానే పట్టి ఆపుతుంది, బ్రేకు వేడెక్కదు, శూన్యమూ పుష్కలంగా అందుతుంది.

ఇంజను నడుస్తుండగానే హఠాత్తుగా పెడలు గట్టిపడితే కాలు తీయరాదు. పంపు కొట్టరాదు. వీపును సీటుకు ఆనించి, అవసరమైతే రెండు కాళ్ళతో, ఒకే నొక్కుడుగా పూర్తి బలంతో తొక్కి పట్టవలెను. ఇంజను ఆపకుండా ఒక్కొక్క గేరు తగ్గిస్తూ రావలెను. హ్యాండ్ బ్రేకును మీట నొక్కి పట్టి మెల్లమెల్లగా లాగవలెను. ఒక్క ఊపున లాగితే వెనుక చక్రాలు బిగుసుకొని బండి అడ్డం తిరుగును. ఆగిన తరువాత ఇంజను గదిలో గొట్టం ఊడి ఉన్నదేమో చూడవలెను. ఊడినదైతే తిరిగి తొడిగి క్లిప్పు బిగించి, మొదటి పరీక్ష చేసి, పెడలు దిగితే నెమ్మదిగా సమీప షాపుకు పోవచ్చును. దిగకుంటే బండిని లాగించుకొని పోవుటయే తగినది.

చరిత్ర

ఇంజను శూన్యంతో బ్రేకుకు తోడు కల్పించే పరికరాన్ని 1920 దశకంలో బెల్జియం దేశీయుడు ఆల్బర్ట్ డెవాండ్రె రూపొందించాడు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1927 నుండి దీనిని విక్రయించినది. 1928లో అమెరికాలోని పియర్స్-యారో కార్లలో ఇటువంటి బూస్టరు వచ్చినది. ఖరీదైన కార్లతో మొదలైన ఈ ఏర్పాటు డిస్కు బ్రేకులతోబాటు సామాన్య కార్లకు వ్యాపించినది.

విద్యుత్ కార్లలో శూన్యాన్నిచ్చే ఇంజనే లేదు. హైబ్రిడ్ కార్లలో ఇంజను మధ్యమధ్య ఆగిపోతుంటుంది. వీటిలో కొన్నింటికి విద్యుత్ మోటారుతో నడిచే వాక్యూమ్ పంపు ఉంటుంది. మరికొన్నింటిలో శూన్యం లేకుండా మోటారే నేరుగా మాస్టర్ సిలిండరును నెడుతుంది. బాష్ సంస్థ 2013లో తెచ్చిన ఐబూస్టరు ఈ రకానికి చెందినది. ఇట్టి కార్లలో పెడలు గట్టిపడితే పై పరీక్షలు పనికిరావు. ఫ్యూజు, వైరింగు, కంప్యూటరులో నమోదైన లోపసంకేతాలు చూడవలెను.